పసిబిడ్డ ముఖానికి నూనె రాయమని అడిగేవారికి



ఎండలు ముదిరిన దగ్గర్నుండి మా ఫోనుకి వచ్చే ప్రార్థన విన్నపాల్లో పసిబిడ్డల ముఖాల ఫోటోలు ఎక్కువయ్యాయి. పుట్టి మూడు రోజులైన బిడ్డ, పదిహేను రోజుల బిడ్డ, రేపో మాపో తొట్టెల ఫంక్షను పెట్టుకున్న బిడ్డ. బుగ్గల మీద ఎర్రటి పొక్కులు, ముక్కు మీద తెల్లటి చుక్కలు, నుదుటి నిండా సన్నటి చెమటకాయలు. ఫోటో కింద ఒకటే మాట ఉంటుంది: "అయ్యగారూ, బిడ్డ ముఖమంతా పేలింది. వచ్చి నూనె రాసి ప్రార్థన చేయండి."

ప్రార్థన చేస్తాం. ఎన్నిసార్లు పిలిచినా, ఏ తండాకి పిలిచినా వస్తాం. కానీ బిడ్డ ముఖానికి నూనె రాయం. ఈ మాట కొందరికి కష్టంగా ఉందని మాకు తెలుసు. "వేరే పాస్టరుగారు రాశారు, మూడు రోజుల్లో తగ్గింది, మీరెందుకు రాయరు?" అని ఒక తల్లి సూటిగానే అడిగింది. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఇంటింటికీ తిరిగి చెప్పడం కంటే ఒకసారి రాసి పెడితే మంచిదనిపించింది.

ముందుగా ఒక మాట. మేము డాక్టర్లం కాము. మా డిప్లొమా బైబిలు కాలేజీది. ఇక్కడ చెప్పే వైద్యం సంగతులు పిల్లల డాక్టర్లు చెప్పేవి, ప్రభుత్వం ఆశా కార్యకర్తలకు నేర్పించేవి. సంఘంలో ఆశాగా పనిచేస్తున్న సహోదరీలను కూర్చోబెట్టుకుని, అమ్మగారూ మేమూ అడిగి తెలుసుకున్నవి కూడా ఉన్నాయి.

నూనె రాయడమే తప్పని మేము అనడం లేదు. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలనీ, వారు ప్రభువు నామమున నూనె రాసి ప్రార్థన చేయాలనీ యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది. దాన్ని నమ్ముతాం, పాటిస్తాం. పెద్దవాళ్ల నుదుటి మీద వేలితో ఒక చుక్క పెట్టి ప్రార్థిస్తాం. నాలుగు రోజుల పసిగుడ్డు బుగ్గలకి అరచేత్తో నూనె పట్టించడం దానితో సమానం కాదు. పైగా ఇప్పుడు ఇళ్లలో ఉంటున్న సీసాలు చూడండి. మహాసభల్లో కొన్నవి, పోస్టులో తెప్పించుకున్నవి. లోపల ఏముందో పైన రాసి ఉండదు. కొన్ని సెంటు వాసన కొడతాయి, కొన్ని కర్పూరం వాసన. కర్పూరం పసిబిడ్డ చర్మంలోంచి ఒంట్లోకి దిగితే మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే కర్పూరం కలిసిన బామ్‌లు కూడా రెండేళ్ల లోపు పిల్లలకు పూయకూడదంటారు డాక్టర్లు. పేరు తెలియని సీసాను ప్రార్థన నూనె అన్నంత మాత్రాన అందులోని కర్పూరం మారిపోదు కదా.

ఇక ఆ పొక్కుల సంగతి. పుట్టిన రెండో రోజో మూడో రోజో బిడ్డ ముఖం మీద, ఛాతీ మీద ఎర్రటి మచ్చలు లేచి, మధ్యలో చిన్న తెల్లటి గింజలాగా కనబడుతుంది. చీమ కుట్టినట్టో, నల్లి కుట్టినట్టో ఉంటుంది. పొద్దున బుగ్గ మీద ఉన్నది సాయంత్రానికి పోయి భుజం మీద లేస్తుంది. అరచేతుల్లో, అరికాళ్లలో మాత్రం రాదు. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో దాదాపు సగం మందికి ఇది వస్తుందట! డాక్టర్లు దీనికి పెట్టిన లాటిన్ పేరులో విషం అనే అర్థం ఉంది గాని ఇందులో విషమూ లేదు, రోగమూ లేదు. వారం, మహా అయితే రెండు వారాల్లో ఏ మందూ లేకుండా పోతుంది. ముక్కు మీద, గడ్డం మీద తెల్లటి ఆవగింజల్లాంటి చుక్కలు ఇంకా సాధారణం. కొన్ని వారాల్లో అవే రాలిపోతాయి. వాటిని గోటితో గిల్లి "పాలు తీస్తున్నాం" అనే పెద్దమ్మలున్నారు. అవి పాలు కావు, చర్మపు తునకలే లోపల ముద్దగా నిలిచినవి. గిల్లితే పుండు పడుతుంది.

రెండు మూడు వారాలు దాటాక వచ్చేది ఇంకో రకం. వయసు పిల్లలకు మొటిమలు వచ్చినట్టే బుగ్గలు, నుదురు మీద ఎర్రగా, కొన్ని చీము తలలతో లేస్తాయి. అయిదుగురు బిడ్డల్లో ఒకరికి రావచ్చు. ఈ మొటిమల్లో మలసేజియా అనే సూక్ష్మజీవికి పాత్ర ఉందంటారు. అది మనందరి చర్మం మీదా ఉండేదే, చర్మం మీది జిడ్డు తిని బతికేదే. అంటే ఈ పొక్కుల మీద నూనె రాయడం దానికి అన్నం పెట్టడమే. మామూలు నీళ్లతో మెత్తటి గుడ్డ తడిపి తుడిచి వదిలేస్తే మూడు నాలుగు నెలల్లో ముఖం తేటపడుతుంది.

మన ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువగా మేము చూసేది చెమటకాయలు. దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. పాలమూరు ఎండ, రేకుల ఇల్లు, గాలి రాకుండా మూసిన తలుపు, మే నెలలో బిడ్డ నెత్తికి ఉన్ని టోపీ, ఒంటికి రెండు గుడ్డలు, మూలన సాంబ్రాణి పొగ. బాలింతకు గాలి సోకకూడదని, బిడ్డకు చలి తగలకూడదని. వానాకాలంలో, చలికాలంలో బిడ్డను వెచ్చగా చుట్టాలి, అందులో అనుమానం లేదు. కానీ తల్లి పైట చెంగుతో విసురుకుంటుంటే బిడ్డకు ఉన్ని టోపీ ఏమిటి? పసిబిడ్డ చెమట గ్రంథుల దారులు ఇంకా సరిగా తెరుచుకోవు. చెమట లోపలే నిలిచి పొక్కు లేస్తుంది. దీనికి మందు గాలే. ఒక్క పొర నూలు గుడ్డ, తెరిచిన కిటికీ, దోమతెర, తడిగుడ్డతో తుడవడం. మెడ మడతల్లో తడి లేకుండా అద్దడం. పాలు కక్కినప్పుడు మూతి చుట్టూ వెంటనే తుడవడం. పనుల మీద బొంబాయి, బెంగళూరు వెళ్లి కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉంటున్న మన బిడ్డల తల్లులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాం. షెడ్డు మార్చలేరు, నిజమే. మధ్యాహ్నం పూట బిడ్డను షెడ్డులో కాక చెట్టు నీడన పడుకోబెట్టగలరేమో చూడండి.

ఇవన్నీ చెప్పింది ఎందుకంటే, ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. నూనె రాశారు, మూడు రోజుల్లో తగ్గింది. రాయకపోయినా తగ్గేది. తనంతట పోయే పొక్కుకి నూనె రాసి, ఆదివారం నాడు సాక్ష్యం చెప్పించి, ఆ సీసాకి పేరు తేవడం సేవకులమైన మనకు తగదు. చర్మం దానంతటదే మానేలాగ సృష్టించినవాడు దేవుడు. ఆ మహిమ ఆయనకు చెందాలి, సీసాకు కాదు. ఇది మాటల పట్టింపు అనుకోకండి. పది ఇళ్లలో ఆ సీసా "పనిచేసింది" అని పేరొస్తే, పదకొండో ఇంట్లో బిడ్డకు నిజంగా ప్రాణం మీదికి వచ్చిన పుండ్లు లేచినప్పుడు కూడా ఆ ఇంటివారు సీసానే తీస్తారు. ఆసుపత్రికి పోవలసిన పూట నూనె రాసుకుంటూ కూర్చుంటారు. మా భయమంతా ఆ పదకొండో ఇంటి గురించే.

సంఘంలో అలాంటి ఇల్లు ఒకటి ఉంది, పేరు చెప్పం. బిడ్డకు తొమ్మిదో రోజు. మెడ మడతల్లో, చంకల్లో చీము పొక్కులు లేచాయి. ముఖం మీద కూడా నాలుగైదు. ఇంట్లో పెద్దావిడ "పక్కింటి బిడ్డకూ ఇట్లనే లేచినయి, నూనె పెడితే పోయినయి" అని నూనె పెట్టింది. రెండో రోజు బిడ్డ ఏడవడం తగ్గించింది. అందరూ నిమ్మళించిందని సంతోషపడ్డారు. ఏడవడం తగ్గింది నిమ్మళించి కాదు, ఓపిక లేక. సాయంత్రం చనుమొన నోట్లో పెట్టినా పట్టలేదు. ఆ వీధి ఆశా సహోదరి వచ్చి బట్టలు విప్పి పొక్కులు లెక్కపెట్టి, ఒళ్లు ముట్టి చూసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా 108కి ఫోను చేసింది. మహబూబ్‌నగర్‌లో పన్నెండు రోజులు ఉంచారు. దేవుని కృప, బిడ్డ ఇప్పుడు పాకుతోంది. మేము ఆసుపత్రి వరండాలో ప్రార్థన చేశాం. లోపల సూది మందు నడుస్తూనే ఉంది. ఈ రెండింటికీ పోటీ ఉందని మాకు ఆ రాత్రి అనిపించలేదు.

లేవీయకాండము 13వ అధ్యాయం చదివేటప్పుడు చాలామంది పేజీలు తిప్పేస్తారు. మచ్చలు, పక్కులు, వెంట్రుకలు, ఇదేం ధ్యానం అని. మాకు మాత్రం అది సేవకుడికి ఇచ్చిన మంచి పాఠం అనిపిస్తుంది. చర్మం మీద మచ్చ ఉన్నవాడిని యాజకుడి దగ్గరికి తెస్తారు. యాజకుడు చూస్తాడు. అనుమానంగా ఉంటే ఏడు రోజులు ఆగి మళ్లీ చూస్తాడు. అప్పటికీ తేలకపోతే ఇంకో ఏడు రోజులు. మచ్చ అణగిపోతే అది వట్టి పక్కు అని చెప్పి పంపేస్తాడు. అక్కడ యాజకుడు ఏదీ పూయడు, దేనికీ కారణం అంటగట్టడు. చూడడం, ఆగడం, మళ్లీ చూడడం. అయితే అదే అధ్యాయంలో ఆగకుండా అప్పటికప్పుడే తేల్చి చెప్పే గుర్తులు కూడా ఉన్నాయి. వాటిని చూశాక ఏడు రోజులు ఆగమని లేదు. పసిబిడ్డ పొక్కుల విషయంలో మన పెద్దలు నేర్చుకోవలసింది ఆ తేడాయే. ఆగి చూసేవి ఏవి, ఆగకూడనివి ఏవి.

ఆగకూడనివి చెబుతాం, ఇంట్లో ఆడవాళ్లకు చదివి వినిపించండి. చీము పొక్కులు పది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, లేదా ఒక్కటే అయినా పెద్ద గడ్డలా ఉంటే అది ఒంట్లోకి విషం పాకే జబ్బు కావచ్చు. ప్రభుత్వం ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే లెక్క ఇది. పదిలోపు ఉన్నా చీమున్న పొక్కును ఆశాకో ఏఎన్ఎంకో అదే రోజు చూపించాలి. కాలిన బొబ్బల్లాగా నీళ్లు నిండిన పొక్కులు గుంపుగా లేస్తే ఒక్క పూట కూడా ఆగవద్దు. ఇక పొక్కు ఎలాంటిదైనా సరే, దానితో పాటు బిడ్డ పాలు తాగకపోయినా, కదిపితే తప్ప కదలకపోయినా, ఒళ్లు కాలుతున్నా, లేక పట్టుకుంటే చల్లగా తగిలినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారుతున్నా ఆసుపత్రికే. పసిబిడ్డకు జబ్బు ముదిరితే జ్వరమే రావాలని లేదు, ఒళ్లు చల్లబడడం కూడా ప్రమాదమే. ఇది చాలామందికి తెలియదు. జడ్చర్ల నుండి మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రి ఎంత దూరం? 15 కిలోమీటర్ల పైచిలుకు. నెలలోపు బిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, రానుపోను బండి అన్నీ ఉచితమే. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ఆ హక్కు ఇచ్చింది. డబ్బులు లేక ఆగాం అని ఎవరూ అనవద్దు. బండి దొరక్కపోతే మాకు ఫోను చేయండి, మా బండి ఉంది. అర్ధరాత్రి అయినా సరే.

ఇంకో సంగతి. ఫోన్లలో కనబడే పొక్కుల బొమ్మలు ఎక్కువగా తెల్లవాళ్ల బిడ్డలవి. ఆ ఎరుపు మన బిడ్డల చామనఛాయ మీద అంత స్పష్టంగా తెలియదు. ట్యూబులైటు కింద అసలే తెలియదు. బిడ్డను పగటి వెలుతురులో గుమ్మం దగ్గరికి తెచ్చి, గుడ్డలు విప్పి, మెడ, చంక, గజ్జల మడతలు తెరిచి చూడాలి. ముఖం ఒక్కటి చూసి తేల్చవద్దు. అందుకే ఫోటో చూసి మేము ఏమీ చెప్పం.

నూనె రాయకపోవడం అవిశ్వాసం అనేవారికి మన సంఘాల చరిత్ర గుర్తు చేయాలని ఉంది. పాలమూరు పల్లెల్లో సువార్త ఎలా వచ్చింది? మెన్నోనైట్ బ్రదరన్ మిషను పంపిన మొదటి డాక్టరు ఒక స్త్రీ, క్యాథరీనా షెల్లెన్‌బర్గ్ దొరసానిగారు. 1907లో ఈ దేశానికి వచ్చారు. నాగర్‌కర్నూల్‌లో, తర్వాత శంషాబాద్‌లో వైద్యం చేశారు. 1945లో చనిపోయేదాకా ఈ ప్రజల మధ్యనే ఉన్నారు. 1950లలో ఇదే జడ్చర్లలో మిషను ఆసుపత్రి లేచింది. మన తాతలు, అవ్వలు ఎంతమంది ఆ ఆసుపత్రి గుమ్మంలో మొదటిసారి యేసు పేరు విన్నారో ముసలివారిని అడగండి. సీసాలో నూనె తెచ్చినవారి వల్ల కాదు, గాయం కడిగి కట్టు కట్టినవారి వల్ల విన్నారు. అట్లాంటి చరిత్ర ఉన్న సంఘం ఇవాళ నెలలోపు బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోవాలా వద్దా అని ప్రార్థనలో కనిపెట్టడం మాకు వింతగా ఉంటుంది. మంచి సమరయుడు కూడా గాయాల మీద నూనె పోశాడు, కాదనం. కానీ పోసి ఊరుకోలేదు. ఆ మనిషిని తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, ఖర్చు తన జేబులోంచి ఇచ్చాడు. నూనె దగ్గరే ఆగిపోయే బోధకులు లూకా 10వ అధ్యాయం కింది వరకు చదవాలి.

ఇప్పుడు మాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. బిడ్డ ముఖం పేలితే ఇంట్లో మొదట చూసేది బాలింత కంచం వైపు. "వంకాయ తిన్నది, గుడ్డు తిన్నది, అందుకే బిడ్డకు లేచినయి." ఆ రోజు నుండి పథ్యం. ఎల్లిపాయ కారం, రెండు ముద్దల అన్నం, దాహమేస్తే చిన్న గ్లాసు నీళ్లు. పాలిచ్చే తల్లి మామూలు కంటే ఎక్కువ తినాలి, ఎక్కువ తాగాలి. అలాంటిది బిడ్డ మొటిమలకు తల్లిని ఎండబెడుతున్నారు. పైన చెప్పిన పొక్కుల్లో ఒక్కటి కూడా తల్లి వంకాయ తినడం వల్ల వచ్చేది కాదు. ఇంకొందరు "తల్లి పాలు పడలేదు" అని చెప్పి డబ్బా పాలు మొదలుపెడతారు. ఇది ఇంకా ఘోరం. ఆ చీము పొక్కులతో పోరాడే శక్తిని బిడ్డకు ఇచ్చేదే ముర్రుపాలు, తల్లి పాలు. వాటిని ఆపి సీసా నోట్లో పెడితే రక్షణ తీసేసినట్టే. పొక్కుల పేరుతో ఏ ఇంట్లోనూ తల్లి పాలు ఆపవద్దని చేతులు జోడించి అడుగుతున్నాం. అత్తలకు ఈ మాట నేరుగా చెబుతున్నాం, ఎందుకంటే కంచం మీద అధికారం మీదే.

కంచం తర్వాత చూపు తల్లి నడవడి వైపు పోతుంది. గర్భంతో ఉండగా గ్రహణం చూసిందనో, ప్రార్థనకు రాలేదనో, పుట్టింటివాళ్ల గుడికి వెళ్లిందనో. దిష్టి అనడం మానేశాం గాని దిష్టి స్థానంలో తల్లి పాపాన్ని కూర్చోబెట్టాం. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వాడూ కాదు వాడి కన్నవారూ కాదని ప్రభువు తేల్చేశాడు. పుట్టుగుడ్డితనానికే అంటగట్టనివ్వని నేరం చెమటకాయకు అంటగడతామా? ఈ మాటలు మన స్త్రీల కూడికలో కూడా వినబడ్డాయి కాబట్టి రాస్తున్నాం.

మందుల షాపులో తెచ్చే ట్యూబుల గురించి రెండు ముక్కలు. "ఏ పొక్కుకైనా ఇది పూయండి" అని ఇచ్చే పూతమందుల్లో చాలా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. పూసిన రెండో రోజుకే ఎరుపు తగ్గి తళతళలాడుతుంది, అందుకే దానికి అంత పేరు. ఆపగానే మళ్లీ లేస్తుంది, చర్మం పలచబడుతుంది, బూజు జాతి పొక్కయితే లోపల ఇంకా పెరుగుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నియమం పెట్టింది. చీటీ లేకుండా ఎంత సులువుగా దొరుకుతున్నాయో మీకూ తెలుసు. పసిబిడ్డ చర్మం పలచన, బరువుకు తగ్గ కొలతలో చూస్తే పెద్దవాళ్ల కంటే ఎంతో ఎక్కువ విస్తారం. పూసింది పైనే ఉండదు. ఫ్రాన్సు దేశంలో 1972లో ఒక పసిపిల్లల పౌడరులో క్రిములను చంపే మందు పొరపాటున అధికంగా కలిసి 36 మంది పిల్లలు చనిపోయారు. వాళ్లు దాన్ని మింగలేదు, ఒంటికి చల్లారంతే.

పౌడరు అంటే గుర్తొచ్చింది. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్టు పేద బాలింతలకు ఎంత ఆసరా అయ్యిందో మన ఇళ్లలోనే చూశాం. అందులో మాకు అన్నిటికంటే నచ్చినది దోమతెర. కానీ అందులో పౌడరు డబ్బా కూడా ఉండడంతో, గవర్నమెంటు ఇచ్చింది కాబట్టి పూయాల్సిందే అనుకున్నారు మనవాళ్లు. పౌడరు చెమటతో కలిసి ముద్దకట్టి మడతల్లో ఒరుస్తుంది. దాని దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. బిడ్డకు అది అవసరమే లేదు. శనగపిండి, పసుపు, మీగడ కలిపి నలుగు పెట్టడం కూడా పొక్కులున్న ముఖానికి వద్దు. ముఖ్యంగా ఆడపిల్లకు, రంగు తేలాలని, నూగు రాలాలని గట్టిగా రుద్దుతారు. రంగు తేలదు, తోలు లేస్తుంది. దిష్టిచుక్క పేరుతో పెట్టే కాటుకలో సీసం ఉండే అవకాశం ఉంది, అది మెదడుకు చెరుపు. బిడ్డ పుట్టగానే ఒంటి మీద ఉండే తెల్లటి జిడ్డు పొరను కూడా రుద్ది కడగవద్దని, మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యెహెజ్కేలు 16వ అధ్యాయంలో పుట్టిన బిడ్డకు ఉప్పు రాచే ఆచారం ప్రస్తావన ఉంది కదా అని ఒక సహోదరుడు మమ్మల్ని అడిగారు. అది ఆ కాలపు మంత్రసానుల పద్ధతి. ప్రవక్త అక్కడ చెబుతున్నది దిక్కులేని బిడ్డను ఎత్తుకున్న దేవుని ప్రేమ గురించి. ఉప్పు డబ్బా దించకండి.

మరి ఎవరిని అడగాలి? మీ వీధిలోనే ఉంది ఆశా కార్యకర్త. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడడం ఆమె పని. ఒళ్లు వేడి చూస్తుంది, బరువు తూస్తుంది, చర్మం చూస్తుంది. ఈ రోజులు గమనించండి. మొదటి పొక్కులు లేచే మూడో రోజుకు ఆమె వస్తుంది, మొటిమలు లేచే మూడో వారానికి మళ్లీ వస్తుంది. ఈ పద్ధతికి దారి చూపింది ఎక్కడో కాదు, మన రాష్ట్రం సరిహద్దు దాటితే ఉన్న గడ్చిరోలి. అక్కడి పల్లెల్లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే నేర్పించి ఇంటికి పంపితే, నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లోకానికి తెలిసింది. పెద్ద చదువులు లేని ఊరి స్త్రీలే అది చేశారు. మన ఆశా సహోదరి తలుపు కొడితే కులం చూసి గుమ్మం బయట నిలబెట్టే ఇళ్లు, మన విశ్వాసుల్లోనే, ఇంకా ఉన్నాయి. ఆమెను లోపలికి పిలిచి, చేతులు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, బిడ్డను చేతికివ్వండి. బయటి ఊళ్లలో ఉన్నవారు అక్కడి అంగన్‌వాడీలో అడిగితే ఆ వీధి ఆశా ఎవరో చెబుతారు.

తోటి సేవకులకు ఒక మనవి. పసిబిడ్డ ఇంటికి వెళ్లినప్పుడు ముందు చేతులు సబ్బుతో కడుక్కుందాం. దూరం నుండే చేయి చాపి ప్రార్థిస్తే చాలు, దేవునికి దూరం లెక్క కాదు. బిడ్డ పాలు తాగుతోందా, కదులుతోందా అని తల్లిని అడిగి, ఆ జవాబు విన్న తర్వాత ఆమేన్ అందాం. ఆశా వచ్చిందా అని కూడా అడుగుదాం.

ఈ నెల నుండి మన మందిరంలో శిశు ప్రతిష్ఠల్లో ఒక మార్పు చేస్తున్నాం, పెద్దలతో మాట్లాడాం. బిడ్డను చేతులు మార్చుకోవడం, వరుసగా ముద్దులు పెట్టడం ఉండదు. పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్నవారు ముద్దు పెడితే, ఆ నీళ్ల పొక్కుల జబ్బు పసిబిడ్డకు ప్రాణాంతకం కాగలదు. బిడ్డ తల్లి ఒడిలోనే ఉంటుంది, తండ్రి పక్కన నిలబడతాడు, ప్రార్థన జరుగుతుంది. నూనె గిన్నె బల్ల మీదే ఉంటుంది. పొక్కులున్నాయని ఎవరూ బిడ్డ ముఖం గుడ్డతో కప్పుకుని తీసుకురానక్కర్లేదు, గాలి ఆడనివ్వండి. ఎండలు తగ్గేదాకా ప్రతిష్ఠలు పొద్దున ఎనిమిది గంటల ఆరాధనలోనే పెడతాం. ఫ్యాను కింద మొదటి రెండు బల్లలు బాలింతలకు వదిలిపెట్టండి.